సీబీపీ కాగితం మీది అంకె

జ్వరాల కాలం వస్తే పాలకొండ నుంచి సాలూరు దాకా ఇంటింటా వినబడే ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎన్నున్నాయి?" అన్నదే. సీబీపీ (రక్తకణాల లెక్క పరీక్ష) కాగితం మీది ఆ అంకెను అందరూ నమ్ముతారు. రోగం ముదిరే కొద్దీ అదే అంకెను అనుమానించాల్సి వస్తుంది.

వాలస్ కూల్టర్ 1953లో పేటెంటు పొందిన పద్ధతే నేటికీ రక్తకణాలను లెక్కించే చాలా యంత్రాలకు ఆధారం. విద్యుత్తు పారే సన్నని రంధ్రంలోంచి కణాలను పంపుతారు. దాటే ప్రతి కణమూ ప్రవాహానికి అడ్డు తగులుతుంది; కణం ఎంత పెద్దదైతే అడ్డు అంత పెద్దది. యంత్రం కొలిచేది సైజునే, కణం ముఖం చూడదు. మామూలు ఎర్ర కణం 80–100 ఫెమ్టోలీటర్లు, ప్లేట్‌లెట్ సుమారు 10. ఆరోగ్యవంతుడి రక్తంలో పొరపాటుకు తావు తక్కువ.

జీడితోటలో రక్తపింజరి కరిచిన మనిషి సంగతి వేరు. కొందరిలో చిన్న రక్తనాళాలు పూడి, ఎర్ర కణాలు ముక్కలవుతాయి. ఆ ముక్కలను యంత్రం ప్లేట్‌లెట్లుగా లెక్కేస్తే, పడిపోయిన సంఖ్య కూడా పర్వాలేదనిపిస్తుంది. దీనికి విరుద్ధంగా, రక్తం గడ్డకట్టకుండా ట్యూబులో ఉంచే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి. అప్పుడు లేని కొరత కనబడి, ఊరికే భయం పుడుతుంది. సిట్రేట్ ట్యూబులో మళ్లీ రక్తం తీస్తే చాలాసార్లు అసలు లెక్క తేలుతుంది.

మన్యంలో సవర, జాతాపు కుటుంబాలకు తెలిసిన సికిల్‌సెల్ జబ్బు మరో చిక్కు తెస్తుంది. జబ్బు తీవ్రమైనప్పుడు మజ్జలోంచి కేంద్రకం పోని పసి ఎర్ర కణాలు రక్తంలోకి వస్తాయి. పాత తరహా యంత్రాలు వాటిని తెల్ల కణాల్లో కలిపేస్తాయి. యంత్రం తెల్ల కణాలు 24,000 అని చూపిందనుకుందాం. స్లైడు మీద ప్రతి 100 తెల్ల కణాలకు ఇలాంటివి 60 కనిపిస్తే, అసలు సంఖ్య 15,000. ఇన్ఫెక్షన్ తీవ్రతను అంచనా వేసే డాక్టరుకు ఈ తేడా చిన్నది కాదు.

యంత్రాన్ని తిట్టి లాభం లేదు. అనుమానం వస్తే అది హెచ్చరిక గుర్తు వేస్తుంది. దాన్ని చూసి ఒక చుక్క రక్తాన్ని గాజు మీద పరిచి, లీష్మన్ రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెట్టే టెక్నీషియన్ కావాలి. అంకెలను మరో కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఆ గుర్తు రాలిపోతే, రాత్రి డ్యూటీ డాక్టరుకు అందేది అంకె ఒక్కటే.