వాడి ధ్యాసే వాడికి బడి
ఆటిజం పిల్లలకు ఇష్టమైన పనితోనే చదువు

పెదబయలు: పేరు పెట్టి పిలిస్తే పలకడు. తోటి పిల్లలతో ఆడడు. రాజ్‌మా గింజలు మాత్రం పొద్దస్తమానం వరసగా పేరుస్తూనే వుంటాడు. వరస చెదిరితే ఊరంతా వినిపించేట్టు ఏడుస్తాడు. ఏజెన్సీ గ్రామాల్లో ఇలాంటి బిడ్డ వున్న ఇంట ముందుగా వినిపించే మాట "గాలి సోకింది" అని. ఆ తరువాత మంత్రం వేయించడం, తాయెత్తు కట్టించడం. చివరికి గింజలు లాక్కుని మూల కూర్చోబెట్టడం.

ఇది గాలీ కాదు, ధూళీ కాదు. వైద్యులు దీన్ని ఆటిజం అంటారు. మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా ఇది. తల్లి తప్పు వల్ల రాదు, పెంపకం లోపం వల్ల రాదు, టీకా వల్ల అసలే రాదు. మందుబిళ్లతో పోయేదీ కాదు. అయితే ఇలాంటి పిల్లల్లో చాలామందికి ఏదో ఒక వస్తువు మీదో, పని మీదో విపరీతమైన ధ్యాస వుంటుంది. ఆ ధ్యాసను మాన్పించబోకుండా దానికే ఒక పని అప్పజెబితే బిడ్డ నలుగురిలోకి వస్తాడని ఎనభై ఏళ్ల కిందటే ఒక రైతు కుటుంబం చేసి చూపించింది.

కౌలు రైతు ఇంట్లో

ఆ కుటుంబం అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రానికి చెందినది. అక్కడి ఫారెస్ట్ అనే చిన్న ఊరిలో 1933లో పుట్టిన డొనాల్డ్ ట్రిప్లెట్ చిన్నతనంలో చేతికందిన వస్తువునల్లా గిరగిరా తిప్పుతూ, అంకెలు లెక్కపెడుతూ గడిపేవాడు. డాక్టర్ లియో కానర్ 1943లో ఆటిజంపై ప్రకటించిన వ్యాసంలోని 11 మంది పిల్లల్లో మొదటివాడు ఇతడే. 1942లో తల్లిదండ్రులు అతడిని ఊరికి పది మైళ్ల దూరంలో వున్న కౌలు రైతు దంపతుల వద్ద వుంచారు.

డొనాల్డ్‌కు ప్రతిదీ కొలవాలని తపన. ఆ దంపతులు వద్దనలేదు. బావి తవ్వించి, లోతు ఎంతయిందో వచ్చి చెప్పమన్నారు. చచ్చిన పక్షులనూ పురుగులనూ పోగుచేసేవాడు. ఛీ అనలేదు. ఒక చోటు చూపించి అక్కడ పాతిపెట్టమన్నారు, వాటికి గుర్తులు నాటించారు. మొక్కజొన్న వరసలు పదే పదే లెక్కపెట్టేవాడు. దున్నుతూ లెక్కపెట్టమని గుర్రాన్నీ నాగలినీ చేతికిచ్చారు. 1945లో కానర్ చూడబోయేసరికి అతడు ఆరు పొడవాటి చాళ్లు దున్ని, గుర్రాన్ని చక్కగా మళ్లించాడు. పల్లె బడిలో చదువూ సాగుతోంది. అతడి వింత అలవాట్లను బడివారు సహించారు. ఈ సంగతులన్నీ కానర్ 1971లో రాశారు. డొనాల్డ్ 1958లో డిగ్రీ పూర్తిచేసి బ్యాంకులో ఉద్యోగం చేశాడు. 2023లో 89వ ఏట కన్నుమూశాడు.

అమెరికాకే చెందిన టెంపుల్ గ్రాండిన్‌కు పశువుల మీద ధ్యాస. బంధువుల పశువుల క్షేత్రంలో ఆవును కదలకుండా పట్టివుంచే చట్రం చూసి, తనకోసం అలాంటిదే చేసుకున్నారు. అందులో వుంటే ఆమె మనసు కుదుటపడేది. సైన్సు మాస్టారు కార్లాక్ నవ్వలేదు. అలా ఎందుకు అవుతుందో చదివి తెలుసుకోమని ప్రోత్సహించారు. ఆమె పశుశాస్త్ర ప్రొఫెసర్ అయ్యారు.

అందరూ ఇంత దూరం వెళ్లలేరు. కొందరికి మాటలే రావు. అలాంటి ఇంట్లో ఒక చూపు, ఒక సైగ, సొంతంగా చేసుకునే ఒక పని వచ్చినా అది పెద్ద మెట్టే.

మన ఇళ్లలో ఎలా?

ముందు పక్కన కూర్చోవాలి. బిడ్డ ఒక గింజ పెడితే పెద్దవారూ ఒకటి పెట్టి "నీ వంతు, నా వంతు" అనాలి. వంతు తెలియడమే మాటామంతీకి మొదటి మెట్టు. కొన్నాళ్లకు ముదురు రంగు గింజలు ఒక పక్కకు, లేతవి ఒక పక్కకు వేరు చేయించాలి. ఆ తరువాత పదేసి గింజల కుప్పలు పెట్టించాలి. అదే లెక్కల పాఠం. చివరకు విత్తనానికి మంచి గింజలు ఏరే పని.

సంతలో తూనికరాళ్లు చూసి మురిసేవాడికి అంకెలు వాటితోనే నేర్పవచ్చు. జీపుల నంబర్లు చూసేవాడికి అక్షరాలు అక్కడే వున్నాయి. కోళ్ల వెంట తిరిగే పిల్లకు, పొద్దున్నే వాటిని లెక్కపెట్టి అమ్మమ్మకు చెప్పే పని ఇవ్వాలి. చెప్పడానికి మనిషి దగ్గరకు రావాలి. అసలు లాభం అదే. ఇంట్లో కువి గానీ, ఆదివాసీ ఒరియా గానీ మాట్లాడేవారు ఆ భాషలోనే నేర్పాలి.

పనికి మొదలూ చివరా వుండాలి. "మూడు వరసలు అయ్యాక అన్నం" అని రోజూ ఒకే తీరుగా చెబితే ఏడుపు తగ్గే అవకాశం వుంది. అల్లరి చేశాడని ఇష్టమైన వస్తువు లాక్కుని శిక్షించకూడదు. ఒక్క విషయంలో మాత్రం రాజీ వద్దు. పారే నీళ్ల మీద ధ్యాస వున్న బిడ్డను మత్స్యగెడ్డ వైపు ఒంటరిగా పోనివ్వరాదు. ఆటిజం పిల్లలు ఇల్లు విడిచి నీళ్లవైపు వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు వున్నాయి. కుండలో నీళ్లు, కొలిచే గ్లాసు ఇంటి ముంగిటే ఇవ్వాలి.

ఎవరిని అడగాలి?

ఏడాదిన్నర వచ్చినా వేలితో చూపించకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా "పెద్దయితే అదే వస్తుంది" అని ఆగకూడదు. అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి. బడి ఈడు పిల్లలకు సమగ్ర శిక్ష భవిత కేంద్రాలలో ప్రత్యేక ఉపాధ్యాయులు వుంటారు. వివరాలు బడి మాస్టారు ద్వారా కనుక్కోవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. 40 శాతం, అంతకు మించి వైకల్యం వున్నట్టు ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కుగా ఇచ్చింది.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు బిడ్డ వదలని ఆ వస్తువును కూడా వెంట తీసుకువెళ్లడం మంచిది. బిడ్డకు ధైర్యం, డాక్టరుకు ఆధారం అదే.