చెవికి ఖరీదు తెలియదు!

నెల కిందట ఒక తండ్రి 22 ఏళ్ల కొడుకును ఓపీకి తీసుకొచ్చారు. అబ్బాయి పెళ్లిళ్లలో, జాతరల్లో ఆర్కెస్ట్రాకు కీబోర్డు వాయిస్తాడు. కార్యక్రమం అయ్యాక చెవుల్లో ‘కుయ్‌’మని మోత. మొదట్లో తెల్లారేసరికి తగ్గేది. ఇప్పుడు రెండు రోజులైనా పోవడం లేదు. ‘‘చౌక ఇయర్‌ మానిటర్లు వాడటం వల్లే సార్‌. అప్పు చేసైనా చెవి కొలతతో చేసేవి కొనిస్తా’’ అన్నారాయన.

అసలు తప్పు ధరలో లేదు. పాట మధ్యలో తోటివాళ్లు వినిపించాలని అబ్బాయి ఒక చెవిలోది తీసేసి, రెండో దాంట్లో సౌండు పెంచేవాడు. పరీక్షలో 4,000 హెర్ట్జ్‌ దగ్గర వినికిడి తగ్గినట్టు తేలింది. పెద్ద శబ్దాలు చేసే నష్టానికి అది గుర్తు.

తేడా ఏమిటి?

వేదిక మీద తమ గొంతు, వాద్యం తమకు స్పష్టంగా వినపడటానికి కళాకారులు ఇన్‌-ఇయర్‌ మానిటర్లు పెట్టుకుంటారు. వెయ్యి, రెండు వేలకు దొరికే రెడీమేడ్‌ వాటికి సిలికాన్‌ లేదా ఫోమ్‌ టిప్పులుంటాయి. కస్టమ్‌వైతే ఆడియాలజిస్టు చెవిలో సిలికాన్‌ ముద్దతో అచ్చు తీసి చేయిస్తారు. ఖర్చు పదుల వేలల్లో ఉంటుంది. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారం మారుతుంది కాబట్టి, గాయకులు నోరు తెరిచి అచ్చు ఇవ్వాలి.

రెండింటి పనీ ఒకటే, బయటి హోరును అడ్డుకోవడం. చెవిని సరిగా మూయకపోతే బేస్‌ తగ్గుతుంది, హోరు లోపలికొస్తుంది. దాంతో సౌండు పెంచేస్తాం. 85 డెసిబెల్స్‌ను 8 గంటలు వినొచ్చు. 3 డెసిబెల్స్‌ పెరిగినకొద్దీ ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర 15 నిమిషాలే! లోపలి చెవిలోని సన్నని రోమకణాలు చనిపోతే మళ్లీ పుట్టవు.

ఎవరికి ఏది?

వారంలో నాలుగైదు రోజులు గంటల తరబడి వాయించేవారికి, ఏ టిప్పూ నిలవని చెవులున్నవారికి కస్టమ్‌ మేలు. మిగతావారికి బాగా అమరే ఫోమ్‌ టిప్పులు చాలు. ఎదిగే పిల్లలకు చెవి మారుతుంటుంది, కస్టమ్‌ తొందర వద్దు.

ఇవి మరవొద్దు

* ఫోమ్‌ను సన్నగా నలిపి, చెవిని పైకి, వెనక్కి లాగి పెట్టండి. అది ఉబ్బేదాకా పట్టుకోండి.
* ‘ఈ...’ అనండి. గొంతు తలలో మోగినట్టుంటే బాగా అమరినట్టే.
* రెండు చెవులకూ పెట్టుకోండి. లిమిటర్‌ వాడండి.
* ఒకరివి ఒకరు వాడొద్దు. వాడాక పొడి గుడ్డతో తుడవండి. మధుమేహులకు చెవి ఇన్ఫెక్షన్‌ ప్రమాదకరం.
* మోత ఒక రోజు దాటినా తగ్గకపోతే ఆడియోగ్రామ్‌ చేయించుకోండి. ఉన్నట్టుండి చెవి వినపడకపోతే అదే రోజు ఈఎన్‌టీ వైద్యుణ్ని కలవండి. ఆలస్యమైతే చికిత్స ఫలితం తగ్గుతుంది.

ఆ తండ్రికి చెప్పిందీ ఇదే. అప్పు వద్దు. ముందు ఫోమ్‌ టిప్పులు మార్చండి, సౌండు తగ్గించండి, ఆరు నెలలకోసారి వినికిడి పరీక్ష చేయించండి. అబ్బాయికి పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నది నిలుపుకుంటేనే కీబోర్డు మీద అన్నం దొరుకుతుంది.