ముప్పావుగంటలో అయిపోయే గేమ్‌కి డబ్బులెందుకు?

పొద్దున నారాయణగూడ మెట్రో స్టేషన్‌లో ఎక్కానంటే, పరేడ్ గ్రౌండ్‌లో బ్లూ లైన్‌కి మారేటప్పుడే మళ్లీ తలెత్తి చూసేది. అప్పటిదాకా రీల్సే. బోగీలో పక్కవాళ్లూ అంతే. ఇలాంటి ఒక పొద్దున చూసిన ఓ పాత వీడియోలో ‘ఫ్లోరెన్స్’ అనే గేమ్ కనిపించింది. అందులోనూ ఒకమ్మాయి రైల్లో నిలబడి ఫోన్‌లో లైకులు కొడుతూ ఆఫీసుకి వెళ్తోంది. ఆ లైకులు కొట్టాల్సింది మనమే. గేమ్ అంటే ఇదేనా అనిపించింది. కొంచెం నవ్వొచ్చింది, కొంచెం గుచ్చుకుంది కూడా.

సాయంత్రం కాచిగూడలో రూమ్‌కి వచ్చాక స్టోర్‌లో వెతికా. ఉచితం కాదు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక సినిమా టికెట్, ఇంటర్వెల్‌లో ఒక సమోసా... అంత ఖర్చు. అది పెద్ద సమస్య కాదు. రివ్యూల్లో అందరూ రాసిన మాటే ఆపింది: మొత్తం గేమ్ అరగంట, మహా అయితే ముప్పావుగంట. అంతే!

అశోక్‌నగర్‌లో ఉండే ఫ్రెండ్‌కి చెప్పా. ఇద్దరం కలిసి ఇంజినీరింగ్ చేశాం. నేను ఉద్యోగంలో చేరా, వాడు మూడేళ్లుగా గ్రూప్స్‌కి చదువుతున్నాడు. వాడి రోజు నిమిషాల లెక్కన నడుస్తుంది. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు కోసం పొద్దున్నే పోవాలి, టీకి పది నిమిషాలు, కరెంట్ అఫైర్స్‌కి గంట. నా మాట పూర్తిగా వినకుండానే తేల్చేశాడు.

‘‘ముప్పావుగంటకి గన్ని పైసలా? బీజీఎంఐ ఫ్రీగ ఉంది గదరా, జిందగీ మొత్తం ఆడొచ్చు. సరే, అంతగా ఆడాలనుంటే కొను, ఆడెయ్, అయిపోయినంక రిఫండ్ కొట్టు. గూగుల్ ప్లేలో 48 గంటల దాక అడగొచ్చు.’’

వాడి లెక్కలో తప్పు లేదు. కానీ ఆ లెక్క ప్రకారం ప్రపంచంలో ఆడాల్సిన గేమ్‌లు నాలుగైదే మిగులుతాయి. అందుకే ఆ లెక్క పక్కన పెట్టి, కొని ఆడి చూశా. ఇలాంటి ‘వింత’ గేమ్ మీ ఫోన్‌లోకి రావాలా వద్దా అని మీరూ ఆలోచిస్తుంటే, నాకు తెలిసింది ఇదీ.

అసలు ఏంటీ గేమ్?

‘ఫ్లోరెన్స్’ని ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌కి చెందిన ‘మౌంటెన్స్’ అనే చిన్న స్టూడియో చేసింది. 2018లో ప్రేమికుల రోజున ఐఫోన్‌లో, ఆ మరుసటి నెల ఆండ్రాయిడ్‌లో వచ్చింది. లీడ్ డిజైనర్ కెన్ వాంగ్. 2014లో వచ్చిన ‘మాన్యుమెంట్ వ్యాలీ’ గుర్తుంది కదా, మెట్లూ గోడలూ తిప్పుతూ ఆడే గేమ్? దానికీ ఆయనే లీడ్ డిజైనర్. పబ్లిషర్ పేరు అన్నపూర్ణ ఇంటరాక్టివ్. మన బంజారాహిల్స్ అన్నపూర్ణకీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు, ఇది అమెరికా కంపెనీ. ‘ఫ్లోరెన్స్’కి 2018 గేమ్ అవార్డ్స్‌లో, 2019 బాఫ్టా అవార్డుల్లో ఉత్తమ మొబైల్ గేమ్ బహుమతులు వచ్చాయి.

కథ చెప్పాలంటే రెండు ముక్కలు. ఫ్లోరెన్స్ యోకి పాతికేళ్లు. పొద్దున అలారం, పళ్లు తోముకోవడం, రైలు, ఆఫీసులో అంకెలు, ఇంటికొచ్చి టీవీ. మధ్యలో అమ్మ ఫోన్. ఒకరోజు ఫోన్ బ్యాటరీ అయిపోతుంది. చెవుల్లో పాట ఆగిపోయాక బయట ఎవరో చెల్లో వాయిస్తున్న శబ్దం వినిపిస్తుంది. వాయించేది క్రిష్ అనే కుర్రాడు, మనదేశం మూలాలున్నవాడు. తర్వాత ప్రేమ. ఆ తర్వాత ఏమవుతుందో చెప్పను.

నిజం చెప్పాలంటే ఇదే కథ సినిమాగా తీసి సుదర్శన్‌లో వేస్తే ఇంటర్వెల్‌కే లేచి వచ్చేస్తాం. కొత్తగా ఏమీ లేదు. మాటలు కూడా దాదాపు లేవు. మరి అవార్డులు ఎందుకిచ్చారు?

వేలికి తెలిసే సంగతి

కారణం ఒక సీన్‌లో తెలిసింది. ఫ్లోరెన్స్, క్రిష్ మొదటిసారి కలిసి కూర్చుని మాట్లాడుకుంటారు. వాళ్ల మాటలు మనకి వినిపించవు. ఫ్లోరెన్స్ మాట్లాడాలంటే మనం ఒక మాటల బుడగని ముక్కలు పేర్చి పూర్తి చేయాలి, చిన్నపిల్లల జిగ్‌సా పజిల్ లాగా. మొదట్లో ముక్కలు ఎక్కువ. ఏది ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి. కొత్తవాళ్లతో మాట్లాడేటప్పుడు మనకి అయ్యేది కూడా అదే కదా? కాసేపటికి ముక్కలు తగ్గుతాయి. చివరికి ఒక్క ముక్క, పెట్టేస్తే చాలు. మాట్లాడటం తేలికైపోయిందని ఎవరూ చెప్పలేదు, వేలికి తెలిసిపోయింది.

కొన్ని సీన్ల తర్వాత ఇద్దరికీ గొడవ. మళ్లీ అవే బుడగలు. ఈసారి ముక్కలు కోసుగా, పదునుగా ఉంటాయి. ఎంత గబగబా పేరిస్తే అంతగా మన బుడగ అవతలి మనిషి బుడగని వెనక్కి నెడుతుంది. నేను గేమర్‌ని కదా, కసిగా పేర్చా. పైచేయి సాధించా. ఆ తర్వాత తెరమీద వాళ్లిద్దరి మొహాలు చూస్తే గెలిచిన సంతోషం ఏమీ లేదు. పోయినసారి ఇంట్లోవాళ్లతో వాదించి ‘గెలిచిన’ రోజు గుర్తొచ్చింది.

ఇంకో సీన్‌లో క్రిష్ తన సామానుతో ఆమె ఇంటికి వస్తాడు. అల్మారాలో చోటు చాలదు. అతనివి పెట్టాలంటే ఆమెవి కొన్ని తీసి లోపల పడేయాలి. ఏవి తీయాలో మనమే నిర్ణయించాలి. ఒక వస్తువుని తీసి, మళ్లీ పెట్టి, మళ్లీ తీశా. అదొక బొమ్మ అంతే, నాదీ కాదు. అయినా చేయి ఆగింది.

ఈ సీన్లనే యూట్యూబ్‌లో ఇంకోసారి చూశా. కథంతా అర్థమైంది గానీ, చేయి ఆగడం అనేది లేదు. నా మట్టుకు కొలత ఇదే: గేమ్‌ని వీడియోగా చూసినా సరిపోతుందనుకుంటే వీడియో చూడండి, డబ్బులు మిగుల్చుకోండి. మనం చేయాల్సిన పనిలోనే కథ ఉంటే మాత్రం ఆడాలి. అది ఎన్ని గంటలుందన్నది తర్వాతి మాట.

ఈ కొలత మిగతా గేమ్‌లకీ పనికొస్తుంది. 2023లో వచ్చిన ‘వెన్బా’ చూడండి. టొరంటోలోని విసై గేమ్స్ చేసింది. కెనడాకి వెళ్లిన ఒక తమిళ కుటుంబం కథ, 1988లో మొదలవుతుంది. అమ్మ ఇచ్చిన వంటల పుస్తకంలో చెరిగిపోయిన చోట్ల ఏముందో ఊహించి ఇడ్లీ వండాలి. ఇడ్లీ పాత్రలో ప్లేట్లు ఎలా పేరిస్తే ఆవిరి అందుతుందన్నదే అక్కడి పజిల్. మన ఇళ్లలో అమ్మలకి అది పజిలే కాదు! దూరదేశంలో ఒంటరిగా పొయ్యి ముందు నిలబడ్డ కొత్త కోడలికి మాత్రం పజిలే. అక్కడా కథ చేతిపనిలోనే ఉంది. అదీ చిన్న గేమే. 2024లో బాఫ్టా ‘డెబ్యూ గేమ్’ అవార్డు దానికే వచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి

‘ఫ్లోరెన్స్’లో ఓడిపోవడం లేదు. కాబట్టి గెలవడమూ లేదు. పజిల్స్ మరీ తేలిక. మనం ఏం నొక్కినా, ఏ వస్తువు దాచినా కథ మారదు, ముగింపు ఒక్కటే. ఒకసారి అయిపోయాక మళ్లీ ఆడాలనిపించడం కష్టం. క్రిష్ గురించి మనకి తెలిసేది తక్కువ, అంతా ఆమె వైపు నుంచే. ర్యాంకు, లెవెల్, హెడ్‌షాట్ కావాలనుకునేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. వాళ్ల అభిరుచిలో లోపం లేదు, ఇది వాళ్ల కోసం చేసింది కాదు.

ఇంకోటి, సౌండ్. ఫ్లోరెన్స్‌కి పియానో, క్రిష్‌కి చెల్లో. మాటల పని అవే చేస్తాయి. స్పీకర్ మ్యూట్‌లో పెట్టి ఆడితే సగం పోయినట్టే. నేను మెట్రోలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మొదలుపెట్టా, పెద్దమ్మగుడి స్టేషన్ దగ్గర అయిపోయింది. ఇంకా హైటెక్ సిటీ రాలేదు. మిగిలిన దారంతా ఫోన్ జేబులోనే ఉంది.

మరి రిఫండ్?

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఫ్రెండ్ చెప్పిన పని నాకు కొత్త కాదు. నిరుడు ల్యాప్‌టాప్‌లో ఒక చిన్న గేమ్ కొని, రాత్రి గంటన్నరలో ముగించి, పొద్దున రిఫండ్ పెట్టేశా. స్టీమ్‌లో రూల్ ఉంది: కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు అయితే డబ్బు వెనక్కి ఇస్తారు. రూల్ ప్రకారం నేను తప్పు చేయలేదు. కానీ ఆ రూల్ నచ్చని గేమ్ నుంచి, సరిగ్గా నడవని గేమ్ నుంచి మనల్ని కాపాడటానికి పెట్టింది. ప్లేట్ ఖాళీ చేసి, చేయి కడుక్కుని, బిల్లు దగ్గర ‘‘బాలేదు’’ అనడానికి కాదు. నాకు ఆ గేమ్ బాగా నచ్చింది కూడా.

ఇలా చేస్తే ఎవరికి నష్టమో 2021లో బయటపడింది. ‘సమ్మర్ ఆఫ్ 58’ అనే హారర్ గేమ్ చేసిన ఎమికా గేమ్స్ అనే చిన్న డెవలపర్, తన గేమ్ రెండు గంటల్లోపే అయిపోవడంతో ఆడేసి రిఫండ్ తీసుకునేవాళ్లు ఎక్కువయ్యారని, నిరవధికంగా గేమ్‌లు చేయడం ఆపేస్తున్నానని ప్రకటించాడు. పెద్ద కంపెనీలకి ఇది లెక్కలోకి రాదు. చిన్నవాళ్లకి అదే జీతం.

నాకు ఇది కొంచెం బాగానే అర్థమవుతుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ముగ్గురం కలిసి ఒక చిన్న గేమ్ చేశాం. ఒక తలుపు సరిగ్గా తెరుచుకోవడానికే రెండు వారాలు పట్టింది. ఆడినవాళ్లందరికీ పది నిమిషాల్లో అయిపోయింది. ‘‘ఇంతేనా?’’ అన్నారు. హైదరాబాద్‌లోనే ఓగర్ హెడ్ స్టూడియో అనే చిన్న టీమ్ 2017లో రాక్షసుడే హీరోగా ‘అసుర’ తెచ్చింది. పుణెవాళ్లు 2020లో ‘రాజీ’ చేశారు. మన దగ్గరా ఇలాంటివి ఇంకా రావాలంటే, నచ్చిన చిన్న గేమ్‌కి డబ్బు ఇచ్చేవాళ్లు ఉండాలి. ‘ఫ్లోరెన్స్’కి నేను రిఫండ్ అడగలేదు. నిరుటి గేమ్‌ని కూడా మళ్లీ కొన్నా.

మా వాడు ఆడాడు

ఓ ఆదివారం మాక్ టెస్ట్ రాసొచ్చి, వాడు మంచం మీద అడ్డంగా పడి ఉన్నాడు. నా ఫోన్ ఇచ్చి ఆడమన్నా. గోడ మీద టైమ్‌టేబుల్ వైపు ఒకసారి చూసి తీసుకున్నాడు.

మొదటి అయిదు నిమిషాలు పళ్లు తోమడం, అలారం ఆపడం చూసి ‘‘గిదేం గేమ్‌రా బై, గిది నేను రోజూ చేస్తున్న గదా’’ అన్నాడు. తర్వాత అమ్మ ఫోన్ సీన్ వచ్చింది. అమ్మ ఏదో అడుగుతుంది, మనం రెడీగా ఉన్న జవాబుల్లోంచి ఒకటి నొక్కాలి. నొక్కాడు. ఇంకోటి నొక్కాడు. ‘‘మా అమ్మకి నేను జెప్పేటియి గూడ గివే’’ అన్నాడు. ‘తిన్నా, చదువుతున్నా, పెడుతున్నా.’ ఆ తర్వాత మాట్లాడలేదు. నేను కింద టీ తాగి వచ్చేసరికి ముగించాడు.

‘‘గీంట్ల ఫెయిలయ్యేదే లేదేందిరా?’’ అన్నాడు. మూడేళ్లుగా కటాఫ్‌ల మధ్య బతుకుతున్నవాడికి అది మెచ్చుకోలో ఫిర్యాదో నాకు అర్థం కాలేదు. అడగలేదు.

ఆ సాయంత్రం వాడు మేడ మీదికెళ్లి ఇంటికి ఫోన్ చేశాడు, చాలాసేపు మాట్లాడాడు. గేమ్ వల్లే అని నేననను, ఆదివారం వాడు ఎలాగూ చేస్తాడు. ధర విషయంలో మాత్రం వాడి తీర్పు మారలేదు: ‘‘మంచిగనే ఉంది. గానీ ముప్పావుగంటకి గన్ని పైసలు ఎక్కువనే.’’

నా తీర్పు వేరే. రోజంతా ఫోన్‌లోనే ఉంటూ కొత్తగా ఏమీ అనిపించనివాళ్లు, ఎప్పుడూ గేమ్‌లు ఆడనివాళ్లు, ఇంగ్లిష్ అంతగా రానివాళ్లు... ముగ్గురూ దీన్ని ఆడొచ్చు. అనుమానముంటే మొదటి అయిదు నిమిషాల వీడియో చూడండి. వేలు ఊరికే ఉండలేకపోతే కొనండి. ఒక్క కూర్చోటంలో, ఇయర్‌ఫోన్స్‌తో, నోటిఫికేషన్లు ఆపి ఆడండి. మొదటి పది నిమిషాల్లోనే నచ్చకపోతే రిఫండ్ అడగండి, మొహమాటం అక్కర్లేదు. చివరిదాకా వెళ్తే మాత్రం అడగొద్దు.