మాట్లాడని బోర్డుతో మాట కలపడం

పిల్లలూ! మీలో కొందరి ఇళ్లలో రాస్ప్‌బెర్రీ పై ఉండే ఉంటుంది. 2012లో ఇంగ్లండు నుంచి వచ్చిన ఈ బుల్లి కంప్యూటరును టీవీకి తగిలిస్తే తెర మీద బొమ్మ వస్తుంది. బొమ్మా రాక, వై-ఫై కూడా అందకపోతే బోర్డు పోయిందనుకుని డ్రాయరులో పడేయకండి. ఎక్కడ ఆగిపోయిందో అది చాలాసార్లు చెబుతూనే ఉంటుంది. దాన్ని వినడానికే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టరు.

మేమిక్కడ చెప్పేది పై 3, పై 4 బోర్డుల గురించి. ముందుగా మెమరీ కార్డును మీ కంప్యూటరులో పెట్టి, 'కాన్ఫిగ్' ఫైలులో యూఆర్ట్‌ను ఎనేబుల్ చేసే లైను చేర్చాలి.

ఇక వోల్టేజి సంగతి. తల్లిదండ్రులు కూడా ఇది చదవాలి. పై పిన్నులు 3.3 వోల్టులకే తట్టుకుంటాయి. 5 వోల్టుల సిగ్నలు ఇస్తే బోర్డు కాలిపోవచ్చు. అడాప్టరు మీద 3.3, 5 అని స్విచ్చు ఉంటే 3.3 వైపే ఉంచండి. పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల పోర్టుకైతే నేరుగా అసలే కలపకూడదు.

బోర్డు అంచు వరుసలో, మెమరీ కార్డు వైపు మూల నుంచి లెక్కపెట్టండి. మొదటి రెండూ 5 వోల్టులవి, వాటి జోలికి పోవద్దు. మూడోది గ్రౌండ్, నాలుగోది టీఎక్స్, అయిదోది ఆర్ఎక్స్. టీఎక్స్ నోరు, ఆర్ఎక్స్ చెవి. కాబట్టి బోర్డు నోటిని అడాప్టరు చెవికి, అడాప్టరు నోటిని బోర్డు చెవికి కలపాలి. గ్రౌండుకు గ్రౌండే. ఇద్దరిలో ఎవరు పొడుగో చూడాలంటే ఇద్దరూ ఒకే నేల మీద నిలబడాలి కదా, వోల్టులకూ అంతే! బోర్డుకు దాని సొంత ఛార్జరు ఉంటుంది కనుక అడాప్టరు 5 వోల్టుల తీగ వదిలేయండి. తీగల రంగులను నమ్మవద్దు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. పక్కన రాసిన పేరే చూడండి.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి కామ్ పోర్టు నంబరు చూసుకుని, పుట్టీ ప్రోగ్రాములో ఆ నంబరు, వేగం 115200 ఇవ్వండి. అంటే సెకనుకు అన్ని బిట్లు. ఒక్కో బైటుకు ముందొకటి, వెనకొకటి కలిపి పది బిట్లు పడతాయి. 'అమ్మ' మన కంటికి రెండక్షరాలే గానీ కంప్యూటరుకు అ, మ, పొల్లు, మ అని నాలుగు. యూనికోడ్ యూటీఎఫ్-8లో ఒక్కోదానికి మూడు బైట్లు. మొత్తం 120 బిట్లు, సెకనులో వెయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ!

తెర మీద పిచ్చి గీతలు వస్తే వేగం తప్పు. ఏమీ రాకపోతే టీఎక్స్, ఆర్ఎక్స్ తారుమారయ్యాయేమో చూడండి. అన్నీ సరిగ్గా ఉంటే, బోర్డుకు కరెంటు ఇవ్వగానే వరుసలు పరుగెత్తుతాయి. చివర లాగిన్ పేరు అడుగుతుంది.