ఇంటర్నెట్ లేని చోట జీపీఎస్ వాచీలోకి దారి ఫైలును చేర్చడం

6.0 ఉద్దేశాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• స్థాన నిర్ణయానికి, ఫైలు బదిలీకి గల తేడాను వివరించగలుగుతారు.
• ఇంటర్నెట్ అందని చోట దారి ఫైలును ఉపయోగించుకొనే మార్గాలను పేర్కొనగలుగుతారు.

6.1 పరిచయం

భూగోళశాస్త్ర క్షేత్ర అధ్యయనం కోసం ఒక విద్యార్థి బృందం నల్లమల కొండల్లోకి వెళ్ళిందనుకుందాం. తిరుగు దారి ఫైలు ఒకరి ఫోన్‌లో ఉంది. మరొకరి చేతికి జీపీఎస్ వాచీ ఉంది. కాని ఫోన్‌కు సిగ్నల్ లేదు. యాప్ ఆ ఫైలును వాచీకి పంపలేకపోతోంది. డిసెంబరులో అక్కడ సాయంత్రం ఆరు దాటితే చీకటి పడుతుంది. ఇటువంటప్పుడు 'సిగ్నల్ లేదు కాబట్టి జీపీఎస్ కూడా పనిచేయదు' అని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. పనిచేయనిది ఏదో, పనిచేస్తున్నది ఏదో విడదీసి చూడటం ముఖ్యం.

6.2 ఇంటర్నెట్ అవసరం ఎక్కడ?

జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ నిరంతరం రేడియో సంకేతాలను పంపుతుంటాయి. వాచీ వాటిని రేడియో పెట్టెలాగా స్వీకరిస్తుంది. ఉపగ్రహానికి తిరిగి ఏమీ పంపదు. నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే అక్షాంశం, రేఖాంశం, ఎత్తు లెక్కకట్టగలదు. దీనికి సిమ్ కార్డు గాని, ఇంటర్నెట్ గాని అక్కరలేదు.

ఇంటర్నెట్ ఉంటే ఉపగ్రహాల కక్ష్య వివరాలు ముందుగానే వాచీకి చేరతాయి. లేనప్పుడు వాటిని ఉపగ్రహాల నుంచే అందుకోవాలి. ప్రతి ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకొకసారి తిరిగి పంపుతుంది. అందువల్ల ఆకాశం బాగా కనిపించే చోట కొద్ది నిమిషాలు కదలకుండా నిలబడాలి.

ఫైలు బదిలీ సంగతి వేరు. చాలా యాప్‌లు ఫైలును ముందు కంపెనీ సర్వర్‌కు పంపుతాయి. అక్కడ అది వాచీ చదవగల రూపంలోకి మారి, తిరిగి ఫోన్‌కు వచ్చి, బ్లూటూత్ ద్వారా వాచీకి చేరుతుంది. ఫోన్‌కూ వాచీకీ మధ్య దూరం జానెడే అయినా ఫైలు సర్వర్ దాకా వెళ్ళిరావాలి. సిగ్నల్ పోతే తెగేది ఈ లంకె మాత్రమే.

6.3 దారి ఫైలు స్వరూపం

దారిని భద్రపరచడానికి ఎక్కువగా వాడే రూపం జీపీఎక్స్. ఇది 2002లో వచ్చింది. ఇందులో ఉండేది చిత్రపటం కాదు, వరుసగా రాసిన అక్షాంశ రేఖాంశాలు. 12 కిలోమీటర్ల దారిలో 10 మీటర్లకొక బిందువు చొప్పున 1,200 బిందువులు వస్తాయి. ఒక్కో బిందువుకు 100 బైట్లు అనుకుంటే మొత్తం 120 కిలోబైట్లే. కాబట్టి ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు బ్లూటూత్ ద్వారా ఇంటర్నెట్ లేకుండానే పంపవచ్చు.

6.4 ప్రత్యామ్నాయ మార్గాలు

1. కేబుల్ ద్వారా: అనేక గార్మిన్ వాచీలను కంప్యూటర్‌కు కలిపి, 'గార్మిన్' ఫోల్డర్‌లోని 'న్యూఫైల్స్'లో జీపీఎక్స్ ఫైలును ఉంచితే, కేబుల్ తీసిన తరువాత వాచీయే దానిని తన రూపంలోకి మార్చుకొంటుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లతోనూ ఓటీజీ అడాప్టర్ సాయంతో ఇది సాధ్యం.

2. ఫోన్‌లోనే చూడటం: ముందుగా పటాన్ని దించుకొని ఉంటే, ఆస్‌మ్‌యాండ్ వంటి యాప్‌లో జీపీఎక్స్ ఫైలును తెరిచి దారిని అనుసరించవచ్చు.

3. వచ్చిన దారినే తిరిగి వెళ్ళడం: బయలుదేరేటప్పుడే వాచీలో నమోదు ప్రారంభిస్తే, నడిచిన దారి అందులో నిలిచి ఉంటుంది. వెనక్కి నడిపించే సౌకర్యం ఉన్న వాచీకి వేరే ఫైలు అవసరం లేదు.

6.5 జాగ్రత్తలు

ఎంచుకొన్న పద్ధతిని ఇంటివద్దనే, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి పరీక్షించాలి. ఫైలు వాచీలో తెరుచుకొన్నదని కళ్ళారా చూసిన తరువాతే బయలుదేరాలి. బృందంలో కనీసం ఇద్దరి వద్ద ఆ ఫైలు ఉండాలి. మరొక విషయం: తెరపై కనిపించే గీత ఎవరో ఒకనాడు నడిచిన దారి మాత్రమే. వాన పడి వాగు పొంగిందని అది చెప్పదు. ఆ నిర్ణయం మీ కళ్ళు, స్థానికుల మాట ఆధారంగా జరగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. మొబైల్ సిగ్నల్ లేకున్నా వాచీ స్థానాన్ని ఎట్లా కనుగొంటుంది?
2. 8 కిలోమీటర్ల దారిలో 20 మీటర్లకొక బిందువు ఉంటే ఫైలు పరిమాణం సుమారుగా ఎంత?