యజమాని పట్నంలో... తాళాలు కిరాయిదారు చేతిలో!

సింగరేణిలో రిటైరైతే కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సిందే. ఆ రోజు కోసమని గోదావరిఖనిలో ముందే ఇల్లు కట్టుకుని, పనిలో పనిగా నాలుగు పోర్షన్లు కిరాయికి వేసినవాళ్లున్నారు. తీరా రిటైరయ్యాక పిల్లలు హైదరాబాద్ రమ్మంటే కాదనలేరు కదా! మరి ఇక్కడ బోరు మోటారు వేసేదెవరు? కిరాయిలు వసూలు చేసేదెవరు?

ఉన్నవాళ్లలోనే నమ్మకస్తుణ్ని చూసి తాళాలు అప్పగిస్తారు. బదులుగా అతని కిరాయి కొంత తగ్గిస్తారు. అంతా నోటిమాటే.

ఇది షిఫ్టుల ఊరు. గని కార్మికుడు ఓ వారం పొద్దున్నే డ్యూటీకెళ్తాడు, మరో వారం రాత్రంతా గనిలో ఉండి పగలు నిద్రపోతాడు. సంపు నిండిందో లేదో చూడటం, ప్లంబరు కోసం నాలుగుసార్లు ఫోన్ చేయడం, టూ-లెట్ బోర్డు చూసి వచ్చినవాళ్లకు గది చూపించడం... చివరికి అతని భార్య మీదే పడతాయి. నిన్నటిదాకా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న పక్కింటావిడను కిరాయి అడగాల్సిందీ ఆమే. పేరు ఆయనది, చాకిరీ ఈమెది!

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇలాంటివారిని 'ప్రాపర్టీ మేనేజర్' అంది. ఎవరికి, ఏయే పనులకు, ఎంతకాలం అధికారమిచ్చారో యజమాని అద్దెదారులకు చెప్పాలి. కిరాయి తీసుకుంటే రసీదివ్వాలి. రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే ఇది అమలవుతుంది కానీ, పద్ధతిగా పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అసలు చిక్కంతా తగ్గించిన కిరాయితోనే. పోర్షను కిరాయి నాలుగు వేలనుకుందాం. పని చూస్తున్నందుకు రెండున్నర వేలే తీసుకుంటున్నారు. రేపు ఆ పని మానేస్తే? 'ఇన్నేళ్లుగా నా కిరాయి ఇంతే' అని కిరాయిదారు, 'కాదు, నాలుగు వేలు' అని యజమాని. కాగితం లేదు, సాక్షి లేడు. అందుకే నాలుగు వేలకూ రసీదిచ్చి, పనికి పదిహేను వందలు విడిగా ఇవ్వడం మేలు. కుళాయి వాషరులాంటి చిల్లర ఖర్చు ఎంతవరకు అడక్కుండా పెట్టొచ్చో రాసుకోవాలి. కొత్తవాళ్లను పెట్టడం, ఉన్నవాళ్లను ఖాళీ చేయించడం మాత్రం యజమానే తేల్చుకోవాలి. లేకపోతే ఇరుగుపొరుగు పగలన్నీ మేనేజర్ మెడకే.

ఇక ఆ పదిహేను వందలు ఎవరి ఖాతాలో వేయాలి? మోటారు స్విచ్ ఎవరు వేస్తున్నారో ఆవిడ ఖాతాలోనే.