డాక్టరుగారికి మనం చెప్పవలసినవి

పిల్లలూ! ‘అడగందే అమ్మయినా పెట్టదు’ అంటారు పెద్దలు. ఆసుపత్రిలోనూ అంతే. అక్కడ అడగడంతో పాటు చెప్పడం కూడా రావాలి. జబ్బు గురించి డాక్టరుగారికి తెలుసు. ఆ జబ్బుతో మనం ఎలా ఉంటున్నామో మనకు తెలుసు. ఈ రెండూ కలిపి చికిత్సను ఎంచుకోవడమే ఉమ్మడి నిర్ణయం.

టాన్సిల్స్ సంగతి చూడండి. గొంతు పదేపదే వాచి జ్వరం వస్తుంటే ఆపరేషన్ చేయించాలా, ఆగి చూడాలా? దీనికి చాలామంది వైద్యులు ఒక లెక్క చూస్తారు. ఏడాదిలో 7 సార్లు, లేదా వరుసగా రెండేళ్లు ఏటా 5 సార్లు, లేదా వరుసగా మూడేళ్లు ఏటా 3 సార్లు వచ్చి ఉంటే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. అంతకన్నా తక్కువైతే సాధారణంగా ఆగి చూడమంటారు. ఎందుకంటే చాలామంది పిల్లలకు వయసుతో పాటు ఈ బాధ తగ్గుతుంది. ఆపరేషన్ అయితే కొన్నాళ్లు గొంతు నొప్పి ఉంటుంది, రక్తస్రావం అయ్యే ప్రమాదం కొంత ఉంటుంది.

మనలాంటి బదిలీల కుటుంబాలకు చిక్కు ఇక్కడే వస్తుంది. జోధ్‌పూర్‌లో నాలుగుసార్లు, ఆ తరువాత తేజ్‌పూర్‌లో మూడుసార్లు జ్వరం వచ్చిందనుకోండి. అక్కడి డాక్టరు చూసింది నాలుగు, ఇక్కడి డాక్టరు చూసింది మూడు. మొత్తం ఏడని తెలిసింది మీ ఇంట్లోవాళ్లకే. ఆ లెక్క చెప్పకపోతే నిర్ణయమే మారిపోవచ్చు.

అందుకే మందులచీటీలు, పరీక్షల రిపోర్టులు తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టుకోవాలి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు అడిగితే 72 గంటల్లోగా రికార్డులు ఇవ్వాలని భారత వైద్య మండలి 2002 నిబంధనలు చెబుతున్నాయి. బదిలీ ఆర్డరు రాగానే టీసీతో పాటు వాటినీ అడిగి తీసుకోండి.

డాక్టరుగారిని మూడు ప్రశ్నలు అడగవచ్చు. నా ముందున్న దారులు ఏమిటి? ఒక్కొక్కదానిలో మేలెంత, ఇబ్బంది ఎంత? ఇప్పుడే ఏమీ చేయకుండా ఆగితే ఏమవుతుంది? పాము కరిచినప్పుడో, పెద్ద ప్రమాదం జరిగినప్పుడో ఇంత చర్చకు సమయం ఉండదు. అప్పుడు వైద్యులు వెంటనే పని మొదలుపెట్టాలి.

ఆపరేషన్ కాగితంపై సంతకం అమ్మానాన్నలదే. అయినా తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల మాట కూడా వినాలని ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణం చెబుతుంది. మన దేశం 1992లో ఆ ఒడంబడికలో చేరింది.

నొప్పికి మన తెలుగులో ఎన్ని మాటలున్నాయో గమనించారా? సలుపు, పోటు, మంట, తిమ్మిరి, తీపు. ఇవన్నీ ఒకటి కావు. పన్ను సలుపుతుంది, కడుపులో మంట పుడుతుంది, కాలు తిమ్మిరెక్కుతుంది. కొత్త ఊళ్లో డాక్టరుగారికి తెలుగు రాకపోవచ్చు. అప్పుడు ‘దర్ద్’ అని ఒక్క మాటతో ఆపకుండా ఎక్కడ, ఎప్పటినుంచి, ఎలా ఉందో విడమరచి చెప్పండి. ముందుగా ఇంట్లో అమ్మతో తెలుగులో చెప్పి చూసుకుంటే అక్కడ తడబడరు.